దూలం లేని కప్పు కింద పెండ్లిచూపులు

అవ్వా, ఈ ఫోటో చూడు. దొరలు కట్టించిన స్టేషనంట. నీ పెండ్లిచూపులు ఈడనే అయినాయని అమ్మ చెప్పింది, నిజమేనా?

ఏదీ, ఇట్ల తే. కండ్లద్దాలు యాడ పెడ్తినో... ఆఁ, నెత్తిమీదనే ఉండాయి. ఓయమ్మా! ఇదే పాపా, ఇదే! జంక్షను! ఆ పేద్ద కమానులు చూడు, ఆ గడియారం చూడు! ఆపక్క ఇనప స్తంభాలు, వాటి పైన ఆకులు మాదిరి పోత పోసింటారు, కనపడ్తాండాయా? ఇంకా అట్లనే ఉండాదే! ఎప్పుడో పడగొట్టేసింటారనుకుంటి. నిజమేనా అంటావా? నిజం గాకపోతే మీ అమ్మ యాడిది, నువ్వు యాడిది? కూసో, చెప్తా. ఏమి, ఫోన్లో రికార్డు చేస్తాండావా? చేసుకో పో, నాకేం భయమా.

మాది బేతంచెర్ల గదా. మా నాయన గనిలో బండలు తీయించేవాడు. మీ తాతోళ్లది కమలాపురం, సేద్యం. వాళ్లది పెద్ద లైను, మద్రాసు నుంచి బొంబాయికి పోయేది. మాది చిన్న లైను, రైలు పెట్టెలు గూడా చిన్నవే. టికెట్టు ఎంతనుకున్యావు? ఇప్పుడు ఆ దుడ్లకు చాక్లెట్టు గూడా రాదు. ఆఁ, ఏం చెప్తాంటి... రెండు లైన్లూ కలిసేది జంక్షన్లో. అందుకే మాపక్క చూపులు ఆడ పెట్టుకునేవాళ్లు. ఎందుకంటే, మగపిల్లోడు ఇంటికాడికొస్తే ఊరంతా తెలుస్తాది. కుదరకపోతే మాట ఎవురికి? పిల్లకే గదా, ఏదో లోపముండాదంట అంటారు. అందుకని మంత్రాలయం పోతాండామని చెప్పి రెండిండ్లోళ్లూ బయలుదేరేది, జంక్షన్లో బండి మారేకాడ చూసుకునేది, నిజంగానే మంత్రాలయం పోయొచ్చేది. స్వామి పేరు చెప్పి అబద్ధమాడకూడదు గదా! కుదిరితే అందరూ ఒకే పెట్టెలో ఎక్కేది. కుదరకపోతే వాళ్లొక పెట్టె, వీళ్లొక పెట్టె. ఒకరినొకరు ఒక్క మాట అనుకునేది లేదు. ఎంత మర్యాద చూడు!

ఆ కాలంలో ఆడపిల్లను ఎవురు అడుగుతారు పాపా? నన్ను అడిగించింది మా మేనత్త రంగమ్మ. ఆమెకు చూపుల్లేకుండానే పెండ్లి చేసినారు, మొగుని మొగం తలంబ్రాల కాడ చూసిందంట. అందుకని మా నాయనతో పోట్లాడింది. "ఏమన్నా, ఎద్దును కొనేటప్పుడు నోరు తెరిచి పండ్లు చూస్తావే, నీ బిడ్డ ఒకపారి పిల్లోని మొగం చూసుకుంటే నీ సొమ్మేం పోతాది?" అనింది. నాయన ఒప్పుకున్యాడు. అయితే ఒకే ఒక్క చూపు. పిల్లోడు టికెట్ల కిటికీ కాడికి పోతాండేటట్ల మా ముందర నడుస్తాడు, అత్త గిల్లుతాది, నేను తలెత్తి చూసి ఊఁ అనో ఊహూఁ అనో చెప్పల్ల. అంతే.

సరే, దిగినాము. ఆ పెద్ద హాల్లో బెంచీమీద కూసోబెట్టినారు నన్ను. ఊరికే తలెత్తినా పాపా. అంతే! పైన కప్పుకు దూలం లేదు! మన మిద్దెల్లో చూడు, దూలముంటాది, దానిమీద అడ్డంగా దంతెలుంటాయి, వాటిమీద బండలు, మన్ను. ఆడ ఏమీ లేదు! గంప బోర్లించినట్ల గుండ్రంగా అంతా రాయే. నడిమధ్యలో రంగు అద్దాలు, ఎరుపు, పచ్చ, నీలం. ఎండ వాటిల్లోనుంచి దిగి నా చీరమీద పడ్తాండె.

మా అవ్వ చెప్పేది, వాళ్లమ్మ కరువులో ఆ స్టేషను కూలికి పోయి సున్నం మోసిందంట. గానుగలో సున్నమూ ఇసకా వేసి, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు పోసి ఎద్దులతో తిప్పించేవాళ్లంట. ఆకలిమీదుండే పిల్లోళ్లు బెల్లం నీళ్లకు ఎగబడ్తారని మేస్త్రీ బెత్తం పట్టుకొని కావలి! కప్పు ఎట్ల నిలబెట్టినారంటే, హాలునిండా మన్ను గుట్ట పోసి, దానిమీద రాళ్లు పేర్చి, సున్నం బిగిసినాక మన్ను తవ్వి తీసేసినారంట. తీసేనాడు కూలోళ్లంతా కప్పు పడ్తాదని బయటికి పారిపోయినారంట. కప్పు పడలేదు! ఇంతవరకూ పడలేదు! చిన్నప్పుడు వింటే కత అనుకుంటి. ఆపొద్దు చూస్తే కండ్లు దించబుద్ధి కాలే. ఏ రాయి ఏ రాయిని పట్టుకోనుండాదో అని చూస్తా కూసుంటి.

అత్త గిల్లిందంట. నాకు తెలీనే తెలీదు! ఇంకోపారి గిల్లిందంట. దోమనుకొని తోసేసినా.

కాసేపటికి నాయన వచ్చినాడు. "బండొచ్చే యాళయింది. ఏమంటావు, పిల్లోడు సరేనా?"

"చూళ్లేదు నాయనా" అంటి.

"చూళ్లేదా! అంతసేపు తలెత్తుకొని దేన్ని చూస్తాంటివి?"

"కప్పును."

నాయన మొగం చూడల్ల నువ్వు! ఇప్పుడు నవ్వొస్తాది గానీ అప్పుడు ఏడుపొచ్చింది. బతుకంతా కాపురం చేసే మనిషిని చూసుకోమని ఒక్క చూపిస్తే, దాన్ని తీసుకపోయి కప్పుకు పెడ్తినే అని. వాళ్ల తావున ఇంకో రచ్చ, ఇది నాకు తర్వాత తెలిసింది. మీ తాత వాళ్లమ్మ "పిల్లకు మెడ పట్టేసినట్లుండాది, కండ్లు గూడా పైకే నిలబడిపోయినాయి, మనకొద్దు" అనిందంట. ఈపక్క నాయన "రెండోపారి చూపిచ్చేది యాడా లేదు, వేరే పెట్టె ఎక్కుదాం పదండి" అని మూట ఎత్తినాడు.

అంతలో ప్లాట్‌ఫారం మీదనుంచి ఒక పిల్లోడు ఒక్కడే వెనక్కి వచ్చినాడు. తెల్ల పంచె, భుజాన టవలు, నూనె పెట్టి దువ్విన తల. నేరుగా మా బెంచీకాడికొచ్చి, నా పక్కన నిలబడి, తలెత్తి పైకి చూసినాడు. నోరు తెరుచుకొని చూస్తానే ఉండాడు. మా నాయన దగ్గినాడు గూడా. ఊహూఁ. కడాకు నాతో అంటాడూ, "అంతెత్తుకు పోయి ఆ అద్దాల్ను ఎవురు తుడుస్తారు?" అని!

అప్పుడు చూసినా పాపా. బాగా చూసినా. ఒక్క చూపు గాదు, కావలసినంత చూసినా. ముక్కు కొంచెం కుడికి వంకర... కాదు కాదు, ఎడమకు. మీ అమ్మకొచ్చింది ఆ ముక్కే.

"నాకు తెలీదు" అంటి.

"నాకూ తెలీదు" అని నవ్వినాడు. "నువ్వు అంతగా ఏం చూస్తాండావో చూసిపోదామని వచ్చినా."

బండొచ్చేసింది. పొగ, కూత, జనం! నాయన నా చెయ్యి పట్టుకొని వేరే పెట్టెకు లాగుతాండాడు. నేను కదల్లేదు. "ఆ పెట్టె నాయనా" అంటి, వాళ్లు ఎక్కుతాండేదాన్ని చూపించి.

"ఏం చూసినావని సరే అంటాండావే?" అన్యాడు.

"వెనక్కి వచ్చినాడు గదా నాయనా" అంటి.

మా రంగమ్మత్త అందరికంటే ముందు ఆ పెట్టెకే పరిగెత్తింది! మంత్రాలయం దాకా మీ తాత వాళ్లమ్మ నా మెడనే చూస్తాండె, తిరుగుతాందా లేదా అని.

ఏడుస్తాండానా? లేదులే, శానా నవ్వితే నాకు కండ్లల్లో నీళ్లొస్తాయి. మీ తాత అట్లనే ఉన్యాడు పాపా, కడదాకా. నేను దేన్నన్నా చూస్తా నిలబడితే, చేసే పని ఇడిసిపెట్టి పక్కనొచ్చి నిలబడేవాడు, ఏముండాదా అని... మీ అమ్మోళ్లు నీకు గూడా సంబంధాలు చూస్తాండారు గదా. తొందరపడగాకు. నువ్వు దేన్ని చూస్తాండావో చూద్దామని వెనక్కొచ్చేవాడు నీకు దొరకల్ల తల్లీ. చల్లగా ఉండు...