ఉప్పలయ్య రిగ్గు ఆపిన కథ

ఉసూర్ ఊరి సంతరోజు దుర్గమ్మ చాయ్ కొట్టు బల్ల మీద ఉప్పలయ్య కూర్చున్నాడంటే చుట్టూ జనం మూగాల్సిందే. ఊరి మగవాళ్లను గుజరాత్ చమురు బావుల పనికి తోలుకుపోయిన మేస్త్రి ఆయనే. మొన్న మాత్రం ఒక్కడే తిరిగొచ్చాడు.

లక్మే బల్ల చివర నిలబడింది. ఓవర్‌టైం పైసలు ఇచ్చేదాకా రానని ఆమె మొగుడు ఉంగ అక్కడే మొండికేశాడు. ఇక్కడ వాన పడి పొలం నానిపోయింది. ఉంగ తండ్రి మంచం దిగడు. ఆడది నాగలి ముడితే ఊరు ఊరుకోదు. ఉప్పలయ్య ఒక్క మాట సాయం చేస్తే ఉంగ ఇంటికొస్తాడని ఆమె ఆశ.

"నీ మొగుని సంగతే చెప్తున్న, ఇనుకో," అన్నాడు ఉప్పలయ్య. "ఓవర్‌టైం ఏదని ఒక్కన్నే పోయి అడిగిన. కూలీలను పెట్టుకున్న ఠేకేదార్ కుర్చీల నుంచి లేవలే. ఒక్క చూపు చూసిన, లేచిండు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కుర్చీ గూడ లేచింది!"

"చూపుకేనా?" అన్నాడు పక్కనే చాయ్ తాగుతున్న బాబూరావు.

"చూపుకే! పెద్దసాబ్ ఇంగ్లీషుల తిట్టిండు, నేను మన దోర్లీ బాసల తిట్టిన, ఆయన ముఖం మాడిపోయింది. పైసలియ్యకుంటే బావి ఆపుత అని, గిరగిర తిరిగే పైపును చంకల ఒత్తి పట్టిన. పైపు తిరగలేక బావి తవ్వే ఆ రిగ్గు మిషనే నా చుట్టూ తిరుగుడు మొదలువెట్టింది, పైన సాబులంతా దిగలేక ఒకటే మొత్తుకునుడు. ఇంతల కింద నుంచి నూనె తన్నుకొచ్చింది, తాటిచెట్టంత... తాటిచెట్టేంది, బైలడిల్లా గుట్టంత! ఎవడు మూస్తడు? నేనే పోయి బావి మూతి మీద కూసున్న, లుంగీతోనే. దేశంల పెట్రోల్ బంకులన్నీ ఎండిపోయినయ్. కంపెనీ ఓనర్ హెలికాప్టర్ల దిగి నా కాళ్లు పట్టుకున్నడు. లే నాయనా, మీ తాత కాలం నుంచి లెక్కకట్టి ఓవర్‌టైం ఇస్త అన్నడు!"

"కొంచెం నూనె తేకపోతివి, పకోడీలన్న ఏసేదాన్ని," అంది దుర్గమ్మ. అందరూ పగలబడి నవ్వారు. లక్మేకీ నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది.

"మామా, నిన్న ఉంగ ఫోన్ చేసిండు," అంది. "తునికాకుకు కట్టకింత ఇచ్చినట్టు అక్కడ పైపుకింత ఇస్తరని నువ్వే చెప్పినవంట. అందుకే షిఫ్టు అయిపోయినా దిగకుండ పైపులెత్తిండ్రంట. ఇప్పుడేమో దినకూలే అంటుండ్రంట. మీ మేస్త్రిని పిలువుండ్రి, ఆయన ముందల తేలుద్దాం అని కంపెనీ సాబ్ అంటే, నువ్వు లేవంట. నీ సంచి గూడ లేదంట."

నవ్వులు ఆగిపోయాయి. ఉప్పలయ్య చాయ్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

"హెలికాప్టర్ వద్దు మామా. బీజాపూర్ పోయి బండెక్కు. ఠేకేదారే నీతోని పైపుకింత అన్నడని ఆ సాబ్ ముందల ఒక్క మాట చెప్పు. నీ కాళ్లు మొక్కుత."

ఉప్పలయ్య గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"కొడతరే లక్మే," అన్నాడు. "ఆ ఠేకేదార్ మనుషులు శాన కొడతరు."

బాబూరావు తల దించుకున్నాడు. లక్మే కొంగుతో ముఖం తుడుచుకుని, దున్నేవాడు లేని తమ ఎడ్ల జతకు ఏం ధర పలుకుతుందో కనుక్కోవడానికి పశువుల బేరగాళ్ల వైపు నడిచింది.