పోలిరాజు కలిపిన నాలుగు తీగలు

గోడ మీద సుత్తీ కొడవలీ వెలిసిపోయిన ఏక్‌బాల్‌పూర్ సందు మొగలో, నరసమ్మ టీకొట్టు బల్ల మీద గవరయ్య మావ వచ్చి కూచోగానే పోలిరాజు బల్ల అవతలి చివరికి జరిగేడు. మావ ఓడరేవు డాకులో ముఠా మేస్త్రీ. రేపు మూటలెత్తే ముఠాకి పోలిరాజు పేరడగడానికొచ్చేడు. పేరిచ్చేస్తే సాల్ట్ లేక్‌లోని కంప్యూటర్ ఆఫీసు మీద ఆశ వదులుకున్నట్టే. మూడు నెలలైంది వాళ్లు పనిలోంచి పంపేసి. మళ్లీ పిలుస్తారనే వీడి నమ్మకం.

అందుకే మావ నోరు తెరవకముందే ఎత్తుకున్నాడు.

"నరసమ్మత్తా, నాను లేపోతే ఆ ఆఫీసేటైపోనో! ఊళ్లో ఎక్స్‌రే బొమ్మలన్నీ దాచే సర్వరది. ఒక్క బొమ్మ కాపీ అవ్వాలంటే టీ తాగొచ్చీవోళ్లు. సర్వరేమో ఏనుగు, దానికి తగిలించింది ఒక్క సన్న తీగ! బెంగుళూరోళ్లొచ్చి బుర్ర గోక్కుని ఎల్లిపోనారు. అప్పుడు ఆఫీసోళ్లతో నానేటన్నాను? దాదా, తీగలు నాలుగెట్టి, నాలుగూ ఒకటేనని సర్వరుకి చెప్దారి అన్నాను. గుచ్చేను. ఆ తర్వాత ఏటైందో తెలుసా?"

"ఏటైంది?" అన్నాడు పక్కన టీ తాగుతున్న సోములు.

"తుమ్మేలోగా వెయ్యి బొమ్మలు! సాయంత్రానికి, డాక్టరు ఊపిరి బిగబట్టమనకముందే బొమ్మొచ్చీసింది. మర్నాడు బడ్జ్ బడ్జ్ జూటుమిల్లోడి ఎక్స్‌రే వచ్చింది, కాలెముక రెండు ముక్కలు. ఫోన్ చేస్తే ఆడు నిక్షేపంగా సైకిలు తొక్కుతన్నాడు. కాలిరగడానికింకా రెండ్రోజులుంది!"

"ఓలమ్మో! మరాడికి చెప్పలేపోయేవా?" అంది నరసమ్మ.

"చెప్పేను. సైకిలమ్మేసేడు. ఇప్పటికీ పండగొస్తే చాలు, మిష్టి మిఠాయిలు పంపుతాడు. పెద్దసారైతే నా చెయ్యట్టుకుని, పోలిరాజూ, నీ కుర్చీ ఎవుడికీ ఇయ్యం అన్నాడు. ఇయ్యాలో రేపో పిలుస్తారు మావా."

గవరయ్య టీ తాగిన మట్టి ముంత పారేసి మూతి తుడుచుకున్నాడు.

"మొన్న నానెల్లేన్రా ఆ ఆఫీసుకి. నిన్ను మళ్లీ తీసుకోమని బతిమాలుదారని. గేటుకాడ కాపలా దాదా అన్నాడు, నాలుగు తీగలు గుచ్చి పూటంతా ఆఫీసు ఆపేసినోడేనా అని. సర్వరుకి చెప్పేవంట గానీ, ఆ తీగలెల్లి చేరే స్విచ్చి పెట్టికి చెప్పలేదంట. మీ అయ్య బతుకంతా డాకులో తాళ్లు కట్టేడు. ఏ తాడైనా రెండు కొసలా ముడెయ్యాలని తెలీదట్రా నీకు?"

సోములు పొలమారేలా నవ్వేడు. సందు చివర్న ఆ ఆఫీసు వైపెళ్లే బస్సు కండక్టరు స్టాపుల పేర్లు, "కరుణామయీ, సాల్ట్ లేక్, కరుణామయీ" అని అరుస్తున్నాడు. ఆ కేక దూరమయ్యేదాకా పోలిరాజు అటే చూసేడు.

"ఇప్పుడా సర్వరెలాగుందంట మావా?"

"ఎవుడో వచ్చి రెండో కొస ముడేసేడంట. తీగలు నువ్వెట్టినవే. బాగా పరిగెడతందంట."

"నాలుగూనా?"

"నాలుగూ."

"ఒక్కటీ పీకలేదన్నమాట," అన్నాడు పోలిరాజు. సోములు నవ్వు ఆగిపోయింది. పోలిరాజు లుంగీ దులుపుకుని లేచేడు.

"రేపు డాకుకి ఎన్నింటికి రమ్మంటావు మావా?"