తోపులో పడిన తొమ్మిది మానులు

తుపాను తొమ్మిది నిద్రగన్నేరు మానుల్ని చిమిండైంగ్ పేట తోపులోని కాలిబాటకు అడ్డంగా పడేసింది. కరెంటు లేక మోటార్లు ఆగిపోయాయి. మంచినీళ్ల చెరువేమో తోపుకి అవతల. పన్నెండు రోజులుగా ఎస్తేరు రాణి రెండు డబ్బాలతో రెండు మైళ్లు చుట్టు తిరిగి నీళ్లు మోస్తోంది. సైనికులు పెద్ద రోడ్ల మీద చెట్లు తీయించి వెళ్లిపోయారు. పై దేశాల సాయాన్ని సైనిక సర్కారు రానివ్వలేదు.

ఆ ఉదయం ఆమె గంగాభవాని టీకొట్టు ముందు డబ్బాలు దించేసరికి లోపల ఫ్రాంక్లిన్ మావ గొప్పలు అందుకున్నాడు. సేక్కాన్ రేవులో ముప్పై ఏళ్లు దుంగలు కోసిన మనిషి.

“నిన్న ఊరికే ఓ కొమ్మ కోసొద్దారని ఎల్లేనా, రంపం ఇలా ఆనించేనో లేదో మానే రెండయిపోనాది, సరే వచ్చినోణ్ణి ఊరుకుంటానేటి, పక్కదీ కోసీసేను. ఆ తరవాత ఏటయిందో తెలుసా?”

“ఏటయింది?” అన్నాడు కోటిబాబు, టీ సాసర్లో వొంపుకుంటూ.

“రంపం ఏడెక్కి పచ్చిమాను మంటెత్తింది. దాని మీద కెటిల్ పెట్టేను. నువ్వు తాగుతున్నది ఆ టీయే.”

“మరి నా బొగ్గులెలా అయిపోనాయో” అంది గంగాభవాని.

“బొగ్గుల సంగతి తరవాత. తొమ్మిదీ కోసి ఒక్క తన్ను తన్నేనా, దొర్లుకుంటా ఎల్లి ఏట్లో పడ్డాయి, ఏట్లోంచి సముద్రం, సముద్రంలోంచి తిన్నగా మన తాతలు ఈ దేశానికి ఓడెక్కిన భీమిలి. అక్కడ మా చినబాపు మనవడు వాటితో మేడ కట్టి, ఇంటి ప్రార్థన పెట్టించి, ఈ తెల్లారే ఫోన్ చేసేడు.”

“ఫోన్లు చచ్చి పన్నెండు రోజులు గదా మావా. అయినా ఆ మానులు పాస్‌పోర్టు లేకుండా ఎలా ఎల్లాయి?” అన్నాడు కోటిబాబు.

“మనిషికి కావాలి గానీ మానుకెందుకురా?”

అందరూ నవ్వారు, గొంతులు తగ్గించి. ఐదుగురు మించి గుమిగూడకూడదన్న ఉత్తరువు ఇంకా ఉంది.

ఎస్తేరు రాణి నవ్వలేదు. “నీ రంపానికి రెండు పిడులు గదా మావా. అటు పిడి ఎవరు పట్టేరు?”

ముప్పై ఏళ్లూ అటు పిడి పట్టింది చంద్రరావు. పోయినేడు బౌద్ధ సన్యాసుల ఊరేగింపు వెనక నడిచాడని సైనికులు పట్టుకుపోయారు. ఇంకా వదల్లేదు.

“ఎవలూ పట్టలేదు” అన్నాడు ఫ్రాంక్లిన్. “రంపం గోడ మీంచి దించనేలేదు.”

“దించు. రేపు అయిదింటికి నేను పడతాను.”

“చేతులు బొబ్బలెక్కిపోతాయమ్మా.”

“డబ్బాలకి ఎప్పుడో ఎక్కేయి. ఎలా కొయ్యాలో చెప్పు.”

ఆయన సాసర్ పక్కన పెట్టాడు. “నీ వంతు లాగి వదిలీయాలి. ఎప్పుడూ నెట్టకూడదు. నెట్టేవా, రంపం వొంగిపోద్ది.” ఆ పొద్దు ఆయన చెప్పిన మొదటి నిజం అదే.

“దుంగలు దొర్లించడానికి నేనొస్తాను” అన్నాడు కోటిబాబు. “ముగ్గురమే గదా, ఎవలూ అడగరు.”

మర్నాడు అయిదింటికి ఎస్తేరు రాణి అరచేతులకి గుడ్డ చుట్టుకుని తోపులో అడుగుపెట్టింది. తొమ్మిది మానులూ తెగి బాట తెరుచుకోవడానికి పదిహేడు రోజులు పట్టింది. ఆమె ఒక్క పొద్దూ తప్పలేదు.