కొబ్బరిచిప్ప కమ్మలు

సాయవ్వ అనే పిల్లకు చెవులకు ఏం పెట్టినా పడకపోయేదంట. బంగారం పెట్టినా, ఎండి పెట్టినా, పెట్టిన గడియకే మంట పుట్టి, పొద్దుగూకేసరికి చెవులు వాసి చీము కారుడే. తూట్లు పూడకుండ వాళ్లమ్మ యాపపుల్లలు పెట్టింది, పిల్ల ఆ పుల్లలతోటే పెద్దగైంది. ఏమైందంటే, ఆమె తమ్మునికి జరమొచ్చి పానం మీదికొచ్చింది అనుకో. "ముత్యాలమ్మ తల్లీ, నా తమ్మున్ని బతికియ్యి, నా నెత్తిన బోనం తెస్త" అని మొక్కింది. పిలగాడు లేచి కూసోని గంజి అడిగిండు. బాగనే ఉంది, ఇగ మొక్కు తీర్చాలె గద! ఆ ఊర్ల కట్టుబాటేందంటే, బోనమెత్తే ఆడిపిల్లకు కమ్మలుండాలె, పుల్లలతోటి నడువదు. మొక్కినామె తప్ప ఇంకొకళ్లు ఎత్తితే తీరదు. పిల్లకు అన్నం దిగుతలేదంట, ముత్యాలమ్మ ఇచ్చిన తమ్మున్ని మల్ల తీస్కపోతదేమోనని ఒకటే ఏడుపు.

బంగారం పని చేసే అవుసల బ్రహ్మయ్య దగ్గరికి పోయింది. "తాతా, మంట పుట్టని కమ్మలు చేస్తవా?" అంటే, ఆయన చెవి పట్టి చూసి, "బంగారం, ఎండి తప్ప నాకేం తెల్వది బిడ్డా, అయినా చూస్త" అన్నడంట. నగల లోపల నింపే లక్క ఉంటది గద, దానితోటి ఎర్రటి కమ్మలు చేసిండు. పిల్ల మురుసుకుంట ఇంటికి పోయి పొయ్యి ఊదింది, లక్క మెత్తగై చెంప మీదికి జారింది. నవ్వకుండ్రి, చెంప కాలింది పాపం! మల్ల చింతగింజలు అరగదీసిండు, నల్లగ నిగనిగ మెరిసినయ్. తలకు పోసుకున్నదో లేదో గింజలు నాని, ఉబ్బి, తూట్లల్ల ఇరుక్కున్నయ్. ఆయనే చెక్కి చెక్కి తీసి, "నాతోటి కాదు" అని నెత్తి పట్టుకున్నడు. బోనాల పండుగ మీదికొచ్చింది.

అప్పుడు ఆయన భార్య కాళమ్మ పప్పు వడ్డిస్తున్నది. "ఏమయ్యా, ఈ కొబ్బరిచిప్ప గరిటె నేను కాపురానికొచ్చినప్పటిది. రోజూ ఉడుకుతది, రోజూ నానుతది. కరిగిందా? ఉబ్బిందా?" అన్నదంట. ఆయన గరిటె గుంజుకున్నడు, "అంటుకున్న పప్పన్నా కడుగనియ్యి" అని ఆమె మొత్తుకున్నా ఇనలే. అలవాటైన చెయ్యి గద, బంగారానికి కొట్టినట్టు సుత్తెతోటి కొట్టిండు, పుటుక్కున పగిలింది. కాళమ్మ గరిటె పాయె! "కొడితే ఇనదయ్యా, చంటిపిల్లను లాలించినట్టు బుదగరిచ్చాలె" అన్నదంట ఆమె, తిట్టలే. ఇగ ఇంకో చిప్ప తీస్కోని ఆకురాయితోటి మెల్లగ మెల్లగ అరగదీసి, చెవిల దూరే కాడ గూడ చిప్పతోటే చేసి, కొబ్బరినూనె పెట్టి రుద్దిండు. సాయవ్వ పెట్టుకున్నది. పొద్దుగూకింది, తెల్లారింది, చెవులు సల్లగున్నయ్.

బోనం నాడు ఆడోళ్లు మూతి తిప్పిండ్రు, "చిప్ప కమ్మలా, తల్లికి అవమానం గాదా?" అని. కాళమ్మ ముందటికొచ్చి, "తల్లికి కొట్టే కొబ్బరికాయ చిప్ప లేకుండ కాసిందా అమ్మా?" అన్నది. మూతి తిప్పినోళ్లే దారి ఇడిసిండ్రు. సాయవ్వ బోనమెత్తింది, తమ్ముడు పక్కన యాపరొట్ట పట్టుకోని నడిసిండు. గుడి నుంచి వచ్చి, ఆ ముసలోల్లిద్దరి కాళ్లు పట్టుకోని ఏడ్సిందంట, ఈసారి సంబురంతోటి.

ఆ సాయవ్వ మా నాయినమ్మ. ఇగో, ముట్టి చూడుండ్రి, నా చెవులకున్నయి అవే. ఇప్పటికీ మా ఇంట్ల బోనం వండితే తొలి గరిటె అవుసలోల్లింటికే పోతది, తల్లికి తర్వాత. తల్లికి కోపం రాదా అంటరు. ఎందుకొస్తది? బోనం తన దాక ఎవరి దయతోటి వచ్చిందో ఆమెకు తెల్వదా!