మేడమ్ ముట్టించాల్సిన పొయ్యి

ఆగు నానీ, ఆగరాదు! ముసలితనంల గంత తొందరేంది నీకు? మూత తియ్యకముందే పళ్లెం ముందల పెట్టుకొని కూసున్నవ్. పొద్దుగాల లేసినకాడికెళ్లి "గౌరవ్వా, హమీన్ లావ్, గౌరవ్వా, హమీన్ లావ్" అని ఒక్కటే పాట. ఆకలైతుందా? అయితది మరి. షుగర్ గోలి ఏసుకునేముందు నాలుగు మెతుకులు తినాలని డాక్టర్ చెప్పిండు, గది నాకెరికే. రొట్టె పెడ్త. అరటిపండు ఒలిచి పెడ్త. ఆ గిన్నె దిక్కు మాత్రం సూడకు.

నవ్వుతున్నవా? నవ్వు. నేను తెలుగుల గులుగుతుంటే నీకు మస్తు సంబురం. బొంబాయిల పుట్టి పెరిగినవ్, పెండ్లయినంక ఇజ్రాయెల్ పోయినవ్, అయినా హిందీ నాకంటే మంచిగ మాట్లాడ్తవ్. తెలుగు మాత్రం ఒక్క ముక్క రాదు. గందుకే ఇయ్యాల తెలుగులనే చెప్తున్న. నువ్వు ఇనాలె, నీకు సమజ్ కావద్దు. అగో, సమజ్ అనంగనే చెవులు నిక్కినయ్! మా జగిత్యాల తెలుగుల సగం ఉర్దూనే ఉంటది, జర సూసుకొని మాట్లాడాలె. కుచ్ నహీ నానీ, కుచ్ నహీ. కూసో.

ఇంట్ల ఎవ్వరు లేరు. నీ బిడ్డ, గదే మా మేడమ్, నీ అల్లుడు, పిల్లలు ప్రార్థనకు పోయిండ్రు, ఆ ఎండల నడుసుకుంట. మీ యూదులు శనివారం కారెక్కరు, లైటెయ్యరు, పొయ్యి ముట్టించరు. అందుకే గద శుక్రవారం పొద్దుగూకకముందే ఈ హమీన్ పొయ్యి మీద ఉడికించి, కరెంటు పెనం మీదికి మార్చి, మందపు తువ్వాల కప్పి పెట్టేది. కోడి, బియ్యం, ఇలాచి, పైన గుడ్లు. రాత్రంత మెల్లగ మగ్గుతది. మీ విమానాలు దుబాయ్‌ల దిగుడు మొదలైనంక వచ్చిండ్రు మీరు, అప్పటిసంది నేను ఈ ఇంట్లనే. ఎన్ని హమీన్లు వండిన్నో!

వండుడంత నాదే. కోసుడు, కడుగుడు, ఉప్పు సూసుడు. ఒక్క మాట మాత్రం మేడమ్ మొదటి రోజే చెప్పింది. "పొయ్యి నేనే ముట్టిస్త గౌరవ్వా. మంట మా యూదుల చేతిది కావాలె, లేకుంటె మేం తినొద్దు, మా ధర్మం గట్లుంది" అన్నది. సరే మేడమ్ అన్న. ఎవల ధర్మం వాళ్లది. మా ఇంట్ల ఒక్కపొద్దు నాడు మేం ముట్టనియి లేవా?

పైకి సరే అన్న. లోపల మాత్రం ముల్లు గుచ్చుకున్నట్టయింది. ఎందుకో నీకు తెల్వదు, ఎన్నడు చెప్పలే.

నన్ను కన్న మా అవ్వ, భూమవ్వ, ఊళ్లె పెద్దింటోళ్ల కాడ పనికి పోయేది. ఆ ఇంట్ల పెండ్లయితే కట్టెలు కొట్టేది అవ్వనే, మోసుకొచ్చేది అవ్వనే, కారం దంచేది అవ్వనే. వంటింటి గడప మాత్రం తొక్కొద్దు. కట్టె మాది, పొయ్యి వాళ్లది! ఒకసారి నేను చిన్నపోరిని, గడప మీద వంగి, కింద పడ్డ గంటె తీసి ఇయ్యబోయిన. "ముట్టకూ!" అని ఒక ముసలామె ఎంత గట్టిగ అరిసిందంటే, నా చేతులకెళ్లి గంటె జారిపడ్డది. ఇప్పటికీ ఆ అరుపు నా చెవులల్లనే ఉన్నది. ఇంతదూరం, సముద్రం దాటి వచ్చిన. ఈడ గూడ నా చెయ్యి తాకితే తిండి పనికిరాదా?

ఏమంటున్నవ్? నీళ్లా? ఇగో, తాగు.

నిన్న ఏమయిందో ఇను. నువ్వు గప్పుడు స్నానం జేస్తున్నవ్. గిన్నెల అన్ని సర్దిన, పొయ్యి మీద పెట్టిన. మేడమ్ ఫోన్‌ల మాట్లాడుకుంట అప్పుడే వంటింట్లకు వస్తుంది. లైటర్ నా పక్కకే ఉండె. ఆమెకు అందిద్దామని చెయ్యి సాపిన, గంతే, అందిద్దామని! నీ మనుమరాలు తామార్ ఎక్కడికెళ్లి ఉరికొచ్చిందో, "నో! డోంట్ టచ్!" అని ఒక్క అరుపు అరిసి, లైటర్ నా చేతులకెళ్లి గుంజుకున్నది.

గదే మాట. ఇంగ్లీషుల గదే మాట నానీ.

మేడమ్ ఏం జేసింది? నవ్వింది. చిన్నపోరి గదా అన్నట్టు నవ్వి, పొయ్యి ముట్టించి, "థాంక్యూ గౌరవ్వా" అని పోరిని తీసుకొని పైకి పోయింది. నేను ఆ మంటను సూసుకుంట నిలబడ్డ. పెయ్యంత మండింది నాకు. మూడు పూటలు నా చేతి బువ్వ తింటరు, నీ కాళ్లు నేను పిసుకుత, ఆ పోరి జ్వరమొస్తె నా ఒళ్లెనే పండుకుంటది. నా చెయ్యికి గీ పొయ్యి కాడికి వచ్చేసరికి ఏమొచ్చింది రోగం?

తలుపు దగ్గరికేసిన. పొయ్యి బంద్ జేసిన. మేడమ్ ముట్టించిన మంట ఆరిపోయింది. మళ్ల నా చేత్తోని ముట్టించిన. ఏమైతదో సూద్దాం, మీ దేవుడు దిగొస్తడా సూద్దాం అనుకున్న.

ఏం కాలే. కోడి ఉడికింది. బియ్యం ఉడికింది. వాసన గూడ ఎప్పటి లెక్కనే కమ్మగ వచ్చింది. నాకు లోపల నవ్వొచ్చింది నానీ, అబద్ధమెందుకు? గెలిచిన అనుకున్న.

ఆ గెలుపు మీ రాత్రి బువ్వ కాడిదాకనే ఉన్నది.

మీ శుక్రవారం బల్ల సంగతి నాకు మొదటిసంది వింతే. ఒత్తులు ఎలిగిస్తరు, పాట పాడ్తరు, నీ అల్లుడు సాబ్ పిల్లల తల మీద చెయ్యి పెట్టి దీవిస్తడు. నన్ను గూడ కుర్సీ ఏసి మీ పక్కకే కూసుండబెడ్తరు. సూపు తాగినంక పిల్లలు తలా ఒక ప్రశ్న అడగాలె. దేవుని మీదనో, ధర్మం మీదనో, ఏదన్న. మా ఇండ్లల్ల పిల్లలు ప్రశ్న అడిగితె నోరు ముయ్యమంటరు. ఈడ అడగకుంటె మిఠాయి పెట్టరు! ఇదేం ఇల్లురా అని నవ్వుకునేదాన్ని.

నిన్న తామార్ వంతు వచ్చింది. పోరి అడుగుతలేదు, పళ్లెంల ఏలు తిప్పుతుంది. తర్వాత హిబ్రూల ఏందో చిన్నగ అడిగింది. నువ్వే నాకు హిందీల చెప్పినవ్, యాది ఉన్నదా? "పొయ్యి రూలు తప్పొద్దని అరిసిన. గౌరవ్వ మొకం చిన్నబోయింది. ఇప్పుడు దేవుడు నన్ను మెచ్చుకుంటడా, తిడ్తడా?" అని అడిగిందట.

నా చేతుల రొట్టెముక్క అట్లనే ఉండిపోయింది.

సాబ్ పెద్ద మనిషి, ఊకెనే జవాబు చెప్పడు. "ఆ రూలు దేవుడు మన మీద పెట్టిండు, గౌరవ్వ మీద పెట్టలే. మన పని మనం మర్సిపోవద్దని పెట్టిండు. నువ్వు దాన్ని ఆమె మీద రాయి లెక్క ఇసిరినవ్. రూలు నిలబడ్డది, నువ్వు పడ్డవ్" అన్నడు. పెద్దపోరడు ఊకుంటడా? "మరి ఆమెకు బాధయితదని తెలిసీ రూలు ఎందుకు పెట్టిండు దేవుడు?" అని లేసిండు. తండ్రి కొడుకులు కొట్లాడినట్టే మాట్లాడుకున్నరు, నువ్వు నాకు ఒక్కొక్క మాట హిందీల చెప్పుకుంట ఉన్నవ్. మేడమ్ మధ్యల చెయ్యెత్తి, "పోరిది చిన్న తప్పు. నాది పెద్దది. నేను నవ్విన" అన్నది. నా దిక్కు సూసి, "గౌరవ్వా, నన్ను క్షమించు" అన్నది. అందరి ముందల, నానీ. మా అవ్వకు జీవితంల ఎవ్వరన్న అన్నరా ఆ మాట?

ఆడితో ఊకుంటె అయిపోతుండె. నువ్వు ఎందుకు నోరు తెరిసినవే? బొంబాయిల మీ ఇంట్ల వంట జేసిన, మీ ధర్మం కాని షహజాదీ ముచ్చట ఎవలు చెప్పమన్నరు నిన్ను? మీ అమ్మ దవఖానల ఉంటే, పొయ్యి ఆరిపోతే, ఆ షహజాదీ ముట్టించకుండ మీకు పొద్దంత అరటిపండ్లు, రొట్టె పెట్టిందట. ఎవ్వరు సూడకున్నా. "మా ఇంట్ల మా ధర్మం కాపాడింది షహజాదీ. ఇయ్యాల గౌరవ్వ చేతిమీద గదే నమ్మకంతోని తింటున్న" అని నా చెయ్యి పట్టుకొని ముద్దు పెట్టుకున్నవ్. ఏ చెయ్యి? గదే చెయ్యి.

తామార్ వచ్చి నా మెడ సుట్టు చేతులేసి సారీ అన్నది. నేను "కోయీ బాత్ నహీ బేటా" అన్న. గోడకవతల వంటింట్ల ఆ గిన్నె తువ్వాల కప్పుకొని ఉడుకుతుంది. క్షమించమని ఆ పసిపోరి అడుగుతుంది, క్షమించేదాన్ని నేనట!

పొద్దుగాల సోనాపూర్ కూలోళ్ల క్యాంపుల ఉండే నా పెనిమిటి లచ్చన్నకు ఫోన్ జేసిన. ఏడ్సుకుంట అంత చెప్పిన. ఆయన నవ్విండు. "పిచ్చిదానా, ఏ చెయ్యి ముట్టించిందో మంటకు తెలుస్తదా? కూర ఉడికిందా లేదా? నోరు మూసుకొని ఉండు, ఖలాస్" అన్నడు. ఆయన చెప్పింది నిజమే గద? మంటకు తెల్వదు. కోడికి తెల్వదు. నాకు తెలుసు గదా, నేనేం జెయ్యాలె?

ఇంకో ఉపాయం గూడ సూసిన. చెయ్యి జారిందని గిన్నె కిందేసేద్దాం అనుకున్న. ఎవ్వరు తినరు, ఎవ్వరికి తెల్వదు. గుడ్డలు చేతికి సుట్టుకొని గిన్నె లేపిన గూడ. అప్పుడు నువ్వు కర్ర పట్టుకొని వచ్చి, "అయ్యో, కాలుతది గౌరవ్వా, పైలం!" అంటివి. దించి పెట్టిన. నీ ముందల ఇంకో అబద్ధం ఆడుడు నాతోని కాలే.

నిజం చెప్తె మేడమ్ మళ్ల నన్ను వంటింట్లకు రానిస్తదా? ఆ బల్ల కాడ నాకు కుర్సీ ఉంటదా? చానమంది ఇండ్లల్ల పని జేసిన నానీ ఈ దుబాయ్‌ల. అందరితోని కూసొని తిన్న ఇల్లు ఇదొక్కటే. అది పోగొట్టుకోవాల్నా? హిందీల చెప్పాల్నంటె రెండు ముక్కలే. మంట నేను ముట్టించిన, కావాల్నని ముట్టించిన. గంతే. నాలుక మీదికి వచ్చి మళ్ల ఎన్కకు పోతున్నయ్.

అయినా నన్నడిగితే, తప్పంత నాదేనా? మా అవ్వ గడప బయట నిలబడ్డ దినాలకు ఎవ్వరన్న జవాబు చెప్పిండ్రా? కానీ గా ముసలామె మీది కోపం తెచ్చి నీ పళ్లెంల పోసిన సూడు. గది తప్పు. నువ్వేం జేసినవ్ నాకు?

అరె! ఎప్పుడు లేసినవ్? తువ్వాల ఎందుకు తీసినవ్? నేను పెడ్త అన్న గద... నువ్వే పెట్టుకున్నవా? అంత అడుగు మాడు గీకినవా? ఉండు, కాలుతుంది, ఊదుకో. ఊదుకుంట కూసో, తినకు.

కండ్లు మూసినవ్. పెదవులు కదుల్తున్నయ్. తినేముందు దేవుని పేరు తీస్తవ్ గద నువ్వు. దాని మీదనా? నేను ఎగతాళికి ముట్టించిన మంట మీద ఉడికిన దాని మీద, నీ దేవుని పేరు తీస్తవా?

వద్దు. నానీ, రుకో! చెంచా ఇటియ్యి, నా చెయ్యి పట్టుకుంటవేంది? నా దిక్కు సూడు. దేఖో నానీ. యే మత్ ఖావో. ఆగ్ మేడమ్ కీ నహీ. ఆగ్ మైనే లగాయీ.

గలతీ సే నహీ. జాన్‌బూఝ్ కే. ఔ, కావాల్ననే ముట్టించిన.

ఇగ తెలిసింది నీకు. నీ మొకమే చెప్తుంది. నా చెయ్యి ఇంకా పట్టుకొనే ఉన్నవ్. ఇడువాల్నంటె ఇడువు నానీ. నేనేం అనుకోను.