లాగ్ పుస్తకంలో శీర్షిక లేని గడి

1984వ సంవత్సరం నవంబరు ఒకటవ తేదీ, గురువారం ఉదయం ఎనిమిది గంటలకు ఈ ఆసుపత్రి తాపన విభాగంలో సహాయ ఇంజనీరుగా చేరిన మా ఇంజనీరు గారు, ముప్పై మూడు సంవత్సరాల నాలుగు మాసాల అవిచ్ఛిన్న సేవానంతరం, గడచిన ఫిబ్రవరి ఆఖరు దినాన ప్రధాన బాయిలర్ ఇంజనీరుగా పదవీ విరమణ చేశారు. చేరిన నాడు వారి వయస్సు పాతికేళ్లు. చేతిలో టిఫిన్ డబ్బా, జేబులో స్క్రూడ్రైవరు, ముఖాన పరీక్ష హాలుకు ఆలస్యంగా వచ్చినవాడి బెదురు. విరమించిన నాటికి నియమం ప్రకారం ఇంకా ఏడాది ఎనిమిది నెలల సర్వీసు మిగిలే ఉంది. ఎందుకు ముందుగా వెళ్లిపోయారన్న ప్రశ్న మన క్యాంటీన్‌లో ఇప్పటికే చాలా టీలు తాగింది. ఈ వ్యాసం అభినందనా, ఆ ప్రశ్నకు సమాధానమూ కూడా.

మన ఆసుపత్రి సంచిక సంపాదక వర్గం వారు ఈ బాధ్యతను ఇంధన యార్డు పర్యవేక్షకుడికి అప్పగించారు. అతను కట్టె ముక్కలను టన్నుల్లోనూ, కబుర్లను లారీల్లోనూ కొలిచే మనిషి అని తెలిసే అప్పగించారు. ఈ వ్యాసకర్త కాగితం, కలం పట్టుకుని ఇంజనీరు గారి ఇంటికి వెళ్లగా వారు కుర్చీ చూపించి, ఒకే ఒక షరతు పెట్టారు.

"ఇరవై ఏళ్లకు పైగా నా ముక్కు మీద అబద్ధాలు చెప్పావు బావా. రాస్తే నిజం రాయి. లేదంటే అసలు రాయొద్దు."

కనుక రాస్తున్నాడు.

వారు చేరిన కాలంలో మన వార్డులను వెచ్చబరచినవి రెండు నూనె బాయిలర్లు. 1990 శీతాకాలంలో మంచు పడి కొండదారి మూసుకుపోయి, నూనె లారీలు మూడు రోజులు ఆవలే ఆగిపోయినప్పుడు, రోగులు కోట్లు తొడుక్కుని, కోట్లు లేనివారు పక్క మంచం పరుపు కప్పుకుని పడుకున్నారు. నాలుగో రోజున ఇంజనీరు గారు సైకిలెక్కి చుట్టుపక్కల కోత మిల్లులన్నీ తిరిగి, ప్రతి మిల్లు వెనకా కుళ్లిపోతున్న చెక్కపేళ్ల గుట్టలు చూసి వచ్చారు. ఇంత కట్టె చుట్టూ పెట్టుకుని నూనె కోసం ఎదురు చూడడమంటే, పెరట్లో బావి ఉంచుకుని వాన కోసం నోరు తెరవడమేనని నివేదికలో రాశారు. ప్రభుత్వ నివేదికలో సామెత రాసినందుకు మందలింపూ పొందారు.

కట్టె బాయిలరుకు అనుమతి వచ్చాక అసలు తగువు మొదలైంది. కమిటీ వారు ఏనుగంత బాయిలరు ఒక్కటి చాలన్నారు. ఇంజనీరు గారు చిన్నవి రెండు, వాటి పక్కన వేడినీళ్లు నిలవ ఉంచే పెద్ద ట్యాంకు ఒకటి కావాలన్నారు. చలి ముదిరితే ఏం చేస్తావని అధ్యక్షుల వారు గద్దించారు.

"ముదిరిన రోజులు ఏడాదికి నలభై సార్. తక్కినవన్నీ మామూలు చలే. పెద్ద పొయ్యి మీద చిన్న గిన్నె పెడితే మంట మండదు, మగ్గుతుంది. మగ్గిన మంటే మనుషుల్ని చంపేది."

ఈ మాటను పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవాలి. ఇది అన్నవారే దీనికి బలి అయ్యారు.

1992లో రెండు బాయిలర్లూ వెలిగాయి. కట్టె ముక్కలను కొంచెం కొంచెంగా లోపలికి తోసే స్క్రూ, బూడిద కరిగి గడ్డకట్టి అంటుకోకుండా కదిలే ఇనుప జాలీ, మంటకు పైనుంచి, కిందనుంచి విడివిడిగా గాలి అందించే ఏర్పాటు, ఇవన్నీ వారు స్వహస్తాలతో గీసినవే. నిప్పు లేనిదే పొగ రాదని లోకం అంటుంది. నిప్పు సరిగా ఉంటే పొగ రానే రాదని వారు అనేవారు. గడ్డకట్టించే జనవరిలో కూడా మన పొగగొట్టం మీద ఆకాశం శుభ్రంగా ఉండడం చూసి, బాయిలర్లు ఆపేశారా అని కొత్త డాక్టర్లు అడిగేవారు.

ఇక ముక్కు సంగతి. 1995లో ఒక లారీ యార్డులోకి వస్తుండగానే, టార్పాలిన్ విప్పకముందే, ఇంజనీరు గారు "తడి సరుకు, తిప్పి పంపండి" అన్నారు. కొలిస్తే నిజంగానే సగం నీళ్లు. వాస్తవానికి వారు చూసింది లారీ వెనక చక్రం పక్కన కారుతున్న నీటిచుక్కలను. ఆ చుక్కలను ఈ వ్యాసకర్త కూడా చూశాడు. అయినా సాయంత్రానికల్లా అది వాసన పట్టిన కథ అయిపోయింది. నెల తిరిగేసరికి ఇంజనీరు గారు రెండు మైళ్ల దూరం నుంచి తేమ శాతం చెప్పేవారు. ఏడాది తిరిగేసరికి చెట్టు ఏ వాలున పెరిగిందో, కోసినవాడు ముందురోజు తాగాడో లేదో కూడా చెప్పేవారు. "ముక్కుగారు" అన్న బిరుదు ఈ చేతుల మీదుగానే వారికి దక్కింది. వారి ముక్కు నిజానికి మీలాంటి, నాలాంటి ముక్కే.

అసలు ముక్కు వారి ఇంట్లో ఉండేది. పెళ్లయిన కొత్తలో ఒక సాయంత్రం వారు విప్పి తగిలించిన చొక్కాను ఉతకబోతూ వారి సతీమణి, ఈ వ్యాసకర్త వదినగారని పిలుచుకునే ఆ తల్లి, ముఖం దగ్గర పెట్టుకుని, "ఇవాళ మీ పొయ్యి ఏడ్చిందండీ" అన్నారట. మర్నాడు వెళ్లి చూస్తే ఒక బాయిలరులో గాలి ద్వారం సగం పూడి ఉంది. నాటి నుంచి అది ఆ ఇంటి ఆచారం. సాయంత్రం ఆమె చొక్కా వాసన చూసి చెప్పేవారు; ఉదయం ఆయన లాగ్ పుస్తకంలో, ఉష్ణోగ్రతలూ పీడనాలూ రాసే గడుల చివర, శీర్షిక లేని గడిలో ఒక్క మాట రాసేవారు. తడి కట్టె కాలితే "పులుపు", గాలి చాలకపోతే "చేదు", అంతా సరిగా ఉంటే "ఏమీ లేదు". ఇరవై ఏళ్లకు పైగా ఆ గడిని చూస్తూ, ఇంజనీరు గారు మధ్యాహ్నం తిన్న కూర రుచి రాసుకుంటున్నారని ఈ వ్యాసకర్త అందరికీ చెప్పాడు. అందరూ నమ్మారు.

తొమ్మిదేళ్ల కిందట పన్నెండు రోజులు జ్వరపడి లేచిన ఇంజనీరు గారికి వాసన తెలియకుండా పోయింది. తిరిగి రావడం కష్టమని డాక్టరు చెప్పారు. వారు భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆమె దిగులు పడలేదు సరికదా, "ఇంటికి ఒక ముక్కు చాలదా? రెండెందుకు?" అన్నారట. ఒక్కసారి మాత్రం ఆయన యార్డు గదికి వచ్చి, తలుపు దగ్గరే నిలబడి, "బావా, నా ముక్కు సంగతి నీకొకటి చెప్పాలి" అని మొదలుపెట్టారు. అప్పుడు ఎదుట కూర్చున్నవాడు కొత్తగా వచ్చిన మిల్లు యజమాని. ముక్కు అన్న మాట చెవిన పడడమే ఆలస్యం, ఈ వ్యాసకర్త అతనికి రెండు మైళ్ల కథ అందుకున్నాడు. కథ పూర్తయ్యేసరికి ఇంజనీరు గారు చిరునవ్వు నవ్వి వెళ్లిపోయారు. చెప్పాల్సింది చెప్పనే లేదు. మన నోటి వాగుడు ఎదుటివాడి నోటికి తాళం వేస్తుందని తెలియడానికి ఈ వ్యాసకర్తకు ఇంకా కొన్నేళ్లు పట్టింది.

గడచిన ఆగస్టు పంతొమ్మిదిన వదినగారు కాలం చేశారు. మర్నాటి నుంచి ఆ గడి ఖాళీ.

డిసెంబరు పదకొండున వారం రోజుల గడ్డు చలి హఠాత్తుగా విరిగింది. వేడి అంతగా అక్కరలేక మొదటి బాయిలరు మంట తగ్గించి నడుస్తోంది. ముందురోజు దిగిన సరుకు పైన పొడిగానే ఉన్నా అడుగున తడిసి ఉంది. మంట మగ్గింది. ఆ పొగగొట్టం మన లాండ్రీ గది గోడలోంచి పోతుంది. అక్కడి అతుకు ఎప్పుడు వదులై విషవాయువు గదిలోకి రాసాగిందో ఎవరికీ తెలియదు. హెచ్చరిక గంట బాయిలర్ గదిలో ఉంది, లాండ్రీలో లేదు. ఆ ఉదయం పనిలో ఉన్న ఫైర్‌మన్, జాలీకి అంటిన చిట్టెం గీకడంలో దిట్ట కాబట్టి మనమందరం "చిట్టెం" అని పిలిచే మనిషి, ఇంజనీరు గారి దగ్గరికి వచ్చి, లాండ్రీ వైపు ఏదో పుల్లగా కొడుతోంది సార్ అన్నాడు. వారు అక్కడిదాకా నడిచారు, నిలబడ్డారు, నిండుగా ఊపిరి పీల్చారు.

"ఏమీ లేదు," అన్నారు.

చిట్టెం వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. నలభై నిమిషాల తర్వాత లాండ్రీ చూసుకునే మన అక్క దుప్పట్లు మడిచే బల్ల పక్కన పడిపోయి కనిపించింది. నాలుగు రోజులు మన వార్డులోనే ఉండి, బతికి, పనిలోకి వచ్చింది. కానీ వంద దుప్పట్లు లెక్కపెట్టబోయి అరవై దగ్గర ఆగిపోతుంది. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది. ఇది ఆమెను నొప్పించడానికి రాయడం లేదు. రాయమని ఆమే అంది.

విచారణలో చిట్టెంను నిలబెట్టి, నీకు వాసన తెలిసింది కదా, బాయిలరు ఎందుకు ఆపలేదని అడిగారు. "ముక్కుగారే లేదన్నాక నా ముక్కు ఎంతండీ" అన్నాడతను. నిర్లక్ష్యం ఫైర్‌మన్‌దేనని నివేదిక టైపైంది. అతను ఇంటికి పోయి గిన్నె, చెంబు సర్దుకోవడమే తరువాయి. ఇంజనీరు గారు సంతకం పెడితే చాలు. సంతకం పెడితే ఉద్యోగమూ నిలిచేది, బిరుదూ నిలిచేది, ఎవరూ వేలెత్తి చూపేవారు కారు. వారు ఆ కాగితాన్ని ఒక రాత్రి ఇంటికి తీసుకుపోయి, ఉదయం సంతకం లేకుండానే తిరిగి ఇచ్చి, దాని మీద తమ చేతివ్రాతతో ఉన్న మరో కాగితం పెట్టారు. దాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ ఇవ్వడానికి వారు అనుమతించారు.

"తొమ్మిదేళ్లుగా నాకు వాసన తెలియదు. ఈ సంగతి దాచాను. ఆ ఉదయం ఫైర్‌మన్ చెప్పింది నిజం, నేను చెప్పింది అబద్ధం. అతను నమ్మాల్సింది తన ముక్కును. నమ్మింది నా పేరును. ఆ పేరు నాకు తగనిదని తెలిసీ ఉంచుకున్నాను."

ఆ పేరు ఎవరు పెట్టారో వారు రాయలేదు. అందుకే ఇక్కడ రాయవలసి వచ్చింది.

ఆ తర్వాతి పది వారాల్లో వారు లాండ్రీలో హెచ్చరిక గంట పెట్టించారు, మనుషులు పనిచేసే ఏ గదిలోంచీ పోకుండా పొగగొట్టం దారి మార్చారు, బాయిలర్ గది గోడ మీద ఒక నియమం రాయించారు: వాసన వస్తోందని ఎవరన్నా సరే, ముందు తలుపు తెరవాలి, తర్వాత వాదించాలి. అటుపైన విరమణ కాగితం ఇచ్చారు. ఉండిపొమ్మని బతిమాలుతూ ఈ వ్యాసకర్త, కావాలంటే నా ముక్కు వాడుకో బావా అన్నాడు. "నలభై ఏళ్లు ముక్కుపొడి పీల్చిన ముక్కు కదా, అది నాకన్నా ముందే రిటైరైంది. మనిద్దరివీ కలిపినా ఒక ముక్కు కాదులే" అన్నారు వారు. ఆ రోజు ఇద్దరమూ నవ్వాం గానీ, ఎక్కువసేపు నవ్వలేకపోయాం.

ఆ పది వారాలూ ప్రతి ఉదయం వారు లాండ్రీ గుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడేవారు. అక్క తల ఎత్తేది కాదు, పలికేది కాదు. దుప్పట్లు మడిచేది. కాసేపు ఉండి వారు వచ్చేసేవారు.

ఆఖరి రోజు సాయంత్రం నాలుగు గంటలకు క్యాంటీన్‌లో టీ ఏర్పాటు చేశాం. విరమించేవారు యూనిఫారం ఉతికించి అప్పగించాలన్న నియమం ఉంది కదా. ఉదయం నుంచి తొడుక్కున్న చొక్కా విప్పి, బనియను మీద కోటు వేసుకుని, వారు లాండ్రీకి వెళ్లారు. అక్క చొక్కా అందుకుంది. ఉతుకుడు బట్టలు వేరుచేసే అలవాటు చొప్పున ముఖం దగ్గర పెట్టుకుంది. పది వారాల మౌనం అక్కడ తెగింది.

"పుల్లగా ఉంది సార్. పొద్దుటి నుంచీ తడి కట్టె కాలుతోంది. వెళ్లి చూసుకోండి."

వారు పరుగెత్తారు. ఏభై ఎనిమిదేళ్ల మనిషి, బనియను మీద కోటుతో, తమ సన్మానం టీ పక్కనుంచే పరుగెత్తారు. రెండో బాయిలరు కట్టె తొట్టి అడుగున తడి ముక్కలే. వారూ చిట్టెమూ ఆరింటి దాకా తొట్టి ఖాళీ చేసి పొడి సరుకు నింపారు. టీ చల్లారిపోయింది; ఎవరూ తాగలేదు. వెళ్లేముందు వారు లాగ్ పుస్తకం తెరిచి, ఆగస్టు నుంచి ఖాళీగా ఉన్న ఆ గడిలో "పులుపు" అని రాశారు. ఈ గడికి ఇప్పుడైనా ఒక పేరు పెట్టమంటారా అని చిట్టెం అడిగాడు. "వద్దు. ఎవరు చెబితే ఆ రోజుకి వాళ్లదే" అన్నారు. నాటి నుంచి సాయంత్రాలు చిట్టెం తన చొక్కా లాండ్రీకి తీసుకుపోతున్నాడు, ఉదయాలు ఆ గడి నింపుతున్నాడు. అక్క ఇంజనీరు గారిని క్షమించిందా అని ఈ వ్యాసకర్త ఉండబట్టలేక అడిగితే, దుప్పట్లు లెక్కపెడుతున్నాను, మధ్యలో మాట్లాడించొద్దు అంది.

ముక్కుగారి గురించి ఈ నోటి నుంచి వెలువడిన కథలన్నీ ఈ వ్యాసం ద్వారా ఉపసంహరించబడుతున్నవి. లారీ చక్రం పక్కన నీటిచుక్కలు చూసిన కళ్లూ, కదిలే జాలీని గీసిన చేతులూ, ఆ ఆరు వాక్యాలు రాసిన గుండె నిబ్బరమూ మాత్రం నిజం. వాటికి ఏ కథా అక్కరలేదు.

వారికి వాసన తిరిగి వస్తుందని డాక్టర్లు చెప్పలేదు. రాని దాన్ని వస్తుందని దీవించడం ఇకపై ఈ వ్యాసకర్తకు చేతకాదు. వదినగారు లేని ఆ ఇంట్లో పొయ్యి మీద పాలు మాడినా వారికి తెలియదు. రెండు వీధుల అవతల ఉన్న వారి అమ్మాయి రోజూ సాయంత్రం వచ్చి, గుమ్మంలోనే ఆగి, ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చి లోపలికి అడుగు పెడుతోందని విన్నాం. ఆ ఊపిరి ఏ ఒక్క సాయంత్రమూ తప్పకుండా ఉండాలనీ, ఆమె చెప్పిన మాటను వారు వాదించకుండా నమ్మాలనీ, తమ చేతులతో వెచ్చబరచిన ఎన్నో గదులకు బదులుగా వారి గది ఎన్నడూ చల్లబడకుండా ఉండాలనీ, నిండు ఆరోగ్యంతో, నిదానమైన శ్వాసతో, దీర్ఘకాలం మన మధ్య నడయాడాలనీ తాపన విభాగం, ఇంధన యార్డు, లాండ్రీ సిబ్బంది పక్షాన మనసారా కోరుకుంటున్నాం.