హారన్ బాబాయ్ జెయింట్ వీల్

బస్సు డిపో ఎదురుగా ఉన్న టీ కొట్టు బెంచీ మీద హారన్ బాబాయ్ వచ్చి కూర్చునేసరికి, కొట్టు నడిపే ఆవిడ మరుగుతున్న పాలు కూడా పట్టించుకోకుండా నోరు తెరుచుకుని చూసింది. చూడదూ మరి! మనిషి బయటికొచ్చి ఎన్ని నెలలైందో.

సర్వీసంతా ఆ డిపో బస్సులే తోలాడాయన. ఆయన గొంతుండగా బస్సుకి వేరే హారన్ దేనికని ఆ పేరు పెట్టారు. ఇక కోతలంటారా, ఆయన కోయడం మొదలుపెడితే కొడవళ్లు సిగ్గుపడాలి. అలాంటి మనిషికి ఒక కన్ను మసకబారింది. ఇక స్టీరింగ్ ముట్టుకోవద్దని డాక్టరు చెప్పేశాడు. ఆ రోజు గోడవైపు తిరిగి పడుకున్నవాడు మళ్లీ ఇటు తిరగలేదు. పలకరిస్తే ‘ఊ’. అన్నం పెడితే ‘ఊ’. చూసి చూసి విసిగిపోయిన భార్య బొమ్మల దుకాణం నుంచి ఒక పెట్టె తెచ్చి ఆయన ముందు పడేసింది. విడి ముక్కలన్నీ బిగించి, మోటారు తగిలిస్తే తిరిగే బుల్లి జెయింట్ వీల్. మహా అయితే బిందెంత ఉంటుంది.

ఇదంతా పక్కనే కూర్చున్న బావమరిదికి తెలుసు. అతను వాచీలు బాగుచేస్తాడు. ఇవాళ బావ తనంతట తానే చొక్కా తొడుక్కుని “పదరా, టీ తాగొద్దాం” అంటే అతనికి కాళ్లు నేల మీద ఆనలేదు. ఇప్పుడు బావ గొంతు సవరించుకుంటుంటే చటుక్కున అటు తిరిగాడు.

“పెద్ద పనేం కాదులే. జెయింట్ వీల్ బిగించాను, తిరిగింది” అన్నాడు హారన్ బాబాయ్. “ఎలా బిగించాలో కాగితం ఇచ్చారు. నేను ముట్టుకుంటేగా! ఆవగింజంత మరలు. వేలు తగలగానే అవే చెప్పాయి, అయ్యా నన్ను ఇరుసుకి బిగించు, నన్ను తొట్టెకి బిగించు అని.”

“మరలు మాట్లాడాయా?” అన్నాడు అదే బెంచీ మీదున్న సెలూన్ అతను. ఎగిరే గాలిపటాన్ని చూస్తే దారం తెంపబుద్ధేసే రకం.

వాచీలతను బెంచీ కింద అతని కాలు తొక్కాడు. ‘ఒక్క మాట తేడాగా పడిందంటే ఈ మనిషి మళ్లీ గోడకే తిరుగుతాడు’ అని అతని భయం.

“మాట్లాడవూ మరి, జీవితమంతా ఇంజన్లతో కాపురం చేసినవాణ్ణి! సరే, వాడిచ్చిన మోటారు చీమకి కూడా సరిపోదు. తీసి పారేసి మిక్సీ మోటారు తగిలించాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక్క బటన్ నొక్కానంతే! ఆ గాలికి దండెం మీద తడి బట్టలు ఆరిపోయి, మడతలు పడి, బీరువాలోకి వెళ్లిపోయాయి. పిల్లి ఒకటి తొట్టెలో ఎక్కి కూర్చుంది. వారం రోజులు అది పాలగిన్నె దగ్గరికి గుండ్రంగానే నడిచింది, పాపం.”

“అయ్యో!” అంది టీ కొట్టు ఆవిడ.

“ఇంకా వినమ్మా. వేగం పెరిగేసరికి ఇరుసు బల్లకి పట్టేసింది. చక్రం ఆగింది, బల్ల తిరిగింది. బల్ల కాళ్లు నేలకి పట్టేశాయి. బల్ల ఆగింది, ఇల్లు తిరిగింది!”

“ఇల్లే?”

“ఇల్లే. ఉత్తరం తెచ్చిన పోస్ట్‌మ్యాన్ వీధి గుమ్మంలో అడుగుపెట్టి పెరట్లో తేలాడు. నేను కంగారు పడ్డానా? పెద్ద మూకుడు మూత ఒకటి అందుకుని స్టీరింగ్‌లా పట్టుకున్నాను. కరెంటు స్తంభం వెంట్రుకవాసిలో తప్పిపోయింది. ఇంటిని మెయిన్ రోడ్డెక్కించాను. పక్కింటావిడ సంచీ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది, అన్నయ్యా, ఎటూ అటే వెళ్తున్నావుగా, నన్ను మార్కెట్ దగ్గర దించు అని. ఆవిణ్ణి చూసి వీధి వీధంతా ఎక్కేసింది. వరండాలో ఫుట్‌బోర్డ్ ప్రయాణం! లోపలికి జరగండి, లోపలికి జరగండి అని అరిచి అరిచి గొంతు పోయిందనుకో. అయినా ఒక్క కుదుపుంటే ఒట్టు. స్టాపులోనే ఆపాను.”

సెలూన్ అతను నోరు తెరిచాడు. వాచీలతను రెండో కాలు కూడా తొక్కాడు. కానీ వెనకనుంచి వచ్చే మాటని ఏ కాలు తొక్కి ఆపుతాడు?

“ఇల్లూ కదల్లేదు, వాకిలీ కదల్లేదు.” కూరగాయల సంచీతో వాచీలతని అక్క, అదే హారన్ బాబాయ్ భార్య, ఎప్పుడొచ్చి నిలబడిందో ఏమో. “మనింట్లో పిల్లే లేదు. కాగితం నేను చదువుతుంటే ఈయన బిగించారు. ఆ చీమ మోటారే పెట్టారు, దానికీ వైర్లు అటుదిటు కలిపారు. బటన్ నొక్కితే చక్రం వెనక్కి తిరిగింది.”

హారన్ బాబాయ్ తల దించుకున్నాడు. ‘అయిపోయింది. అక్క చేజేతులా పాడుచేసుకుంది’ అనుకున్నాడు బావమరిది.

హారన్ బాబాయ్ మెల్లిగా తలెత్తి, డిపో గేటులోంచి వెనక్కి వెనక్కి వస్తున్న బస్సు వైపు వేలు చూపించాడు.

“ఇన్నేళ్లు డ్రైవరు పెళ్లానివి, ఇదీ తెలీదా? రివర్స్ వేయకుండా షెడ్డులోంచి బండెలా బయటికొస్తుందే?”

డిపో అవతలి వీధికి కూడా వినపడేంత గొంతుతో అన్నాడు. అందరికంటే ముందు నవ్వింది అక్కే. నవ్వుతూ నవ్వుతూనే కొంగుతో కళ్లొత్తుకుని, “జరగండి, కూర్చుంటాను” అంది.